రిపోర్టు నార్మల్, కడుపు మాత్రం నిలవడం లేదు: రాయగడ నుంచి ఒక కేసు

భర్తకి 34 ఏళ్ళు, భార్యకి 29. పెళ్ళై నాలుగేళ్ళు దాటింది. మొదటి రెండేళ్ళలో రెండుసార్లు నెల తప్పింది. రెండుసార్లూ తొమ్మిదో వారం దాటకుండానే పోయింది. ఆ తర్వాత రెండేళ్ళకి పైగా అసలు నెల తప్పనే లేదు. ఒడిశా రాయగడ జిల్లా గుణుపురంలో మిఠాయి కొట్టు. తాతల నాడు పార్వతీపురం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. బేరం ఒడియాలో, తగువు తెలుగులో. రాయగడలో నా క్లినిక్‌కి ఆ ఇద్దరితో పాటు అబ్బాయి తల్లి కూడా వచ్చింది. ఇద్దరి అనుమతీ తీసుకునే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను, వైద్యానికి సంబంధించినవి అలాగే ఉంచాను.

భార్య ఫైలు మోయలేనంత ఉంది. స్కానింగులు, థైరాయిడ్, షుగరు, ట్యూబుల ఎక్స్‌రే, యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, సికిల్ సెల్ పరీక్ష అన్నీ అయ్యాయి. రెండోసారి పోయాక భార్యాభర్తలిద్దరికీ క్రోమోజోముల పరీక్ష కూడా చేయించారు. దేనిలోనూ పట్టుకోదగ్గ లోపం లేదు. అది కాక భర్త వైపు నుంచి ఉన్నది ఒకే ఒక్క కాగితం, ఏడాది కిందటి వీర్య పరీక్ష. దాని అడుగున "నార్మోజూస్పెర్మియా", అంటే వీర్యం నార్మల్, అని ముద్ర. ఆ ముద్ర చూసే రెండు కుటుంబాలూ తీర్పు చెప్పేశాయి. లోపం అమ్మాయిదే అన్నారు. మజ్జిగౌరమ్మ తల్లికి మొక్కులయ్యాయి, నాటుమందులయ్యాయి. మొక్కులతో నాకు పేచీ లేదు. మందుల్లో ఏమున్నాయో తెలియదు కాబట్టి వాటిని ఆపమన్నాను.

ఆ కాగితం మీద అంకెలివి: పరిమాణం 2.4 మి.లీ., మి.లీ.కి 31 మిలియన్ల కణాలు, మొత్తం కదలిక 43 శాతం, ముందుకు సాగే కదలిక 31 శాతం, సరైన ఆకారం ఉన్నవి 4 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తెచ్చిన ఆరో ఎడిషన్ మాన్యువల్‌లో కనీస హద్దులు వరసగా 1.4 మి.లీ., 16 మిలియన్లు, 42 శాతం, 30 శాతం, 4 శాతం. పరిమాణం, సంఖ్య బాగానే ఉన్నాయి. కదలిక, ఆకారం మాత్రం గీత మీద నిలబడ్డాయి. అయినా ముద్ర నార్మలే.

ఆ గీత ఎలా గీశారో రోగులకి చెబితే ఆశ్చర్యపోతారు. ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన మగవాళ్ళ వీర్యాన్ని పరీక్షించి, అంకెలు తక్కువ నుంచి ఎక్కువకి వరస పెడితే, నూటికి అయిదో మనిషి దగ్గర పడే గీత అది. దాని పైనున్న ప్రతివాడికీ పిల్లలు పుడతారని గానీ, కిందున్నవాడికి పుట్టరని గానీ ఆ మాన్యువలే చెప్పదు. పైగా ఈ పరీక్ష కణాల సంఖ్యనీ, కదలికనీ, రూపాన్నీ చూస్తుంది. కణం లోపలున్న డీఎన్ఏ ఏ స్థితిలో ఉందో చూడదు. కడుపు రాకపోవడం ఒక సమస్య. వచ్చి నిలవకపోవడం ఇంకొకటి. రెండో దానికి జవాబు ఆ కాగితంలో వెతకడంలో అర్థం లేదు.

అడిగితే తేలినవి

పొగాకు అలవాటుందా అన్నాను. లేదన్నాడు. ఖైనీ? లేదు. గుట్కా? పెళ్ళప్పుడే మానేశాడట. బీడీ, సిగరెట్టు ఎన్నడూ లేవు. మాట్లాడుతూండగా చొక్కా జేబులో చిన్న గుండ్రటి డబ్బా ఉబ్బెత్తుగా కనబడింది. అదేమిటన్నాను.

"గుడాకండి. పళ్ళు తోముకోడానికి."

"రోజుకి ఎన్నిసార్లు తోముతారు?"

పొద్దున్న లేవగానే ఒకసారి, కొట్టు తెరిచాక ఒకసారి, మధ్యాహ్నం అన్నం తిన్నాక, రాత్రి ఆఖరి వాయి దింపాక. ఒక్కోసారి మధ్యలో ఇంకోటి. తల్లి అందుకుంది: "అది పొగాకేటి బాబూ, పళ్ళపొడే గదా. నానూ తోముతాను."

గుడాకులో ఉండేది పొగాకే. పొగాకు పొడిని బెల్లం మడ్డితో కలిపి ముద్ద చేస్తారు. వేలితో తీసి చిగుళ్ళకి రుద్దుకుంటే నికోటిన్ నోటి పొర లోంచి నేరుగా రక్తంలోకి వెళుతుంది. ఒడిశాలోనూ, ఛత్తీస్‌గఢ్‌లోనూ ఆడామగా తేడా లేకుండా వాడతారు, పొగాకు లెక్కలో మాత్రం వేసుకోరు. అందుకే ఈ ప్రాంతంలో పనిచేసే వైద్యులు "పొగాకు తింటారా" అని అడిగితే చాలదు. "పళ్ళు దేంతో తోముకుంటారు" అని కూడా అడగాలి. కోడలికి ఆ అలవాటు లేదని విడిగా కనుక్కున్నాను.

రెండోది వేడి. కొట్టులో పెద్ద బర్నరు సరిగ్గా నడుం కింది ఎత్తులో ఉంటుంది. బూందీ దూయడం, కాజాలు వేయించడం, పాకం పట్టడం అన్నీ అతనే. మామూలు రోజుల్లో ఏడెనిమిది గంటలు, పెళ్ళిళ్ళ సీజన్లో లడ్డు ఆర్డర్లుంటే పద్నాలుగు గంటలు మంట ముందే నిలబడతాడు. వృషణాలు ఒంటి వేడి కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీల సెల్సియస్ తక్కువలో ఉండాలి. శరీరం వాటిని బయట వేలాడదీసింది అందుకే.

మూడోది, చెప్పడానికి సిగ్గుపడి చివర్లో చెప్పింది. బలం కూడుతుందని పదిహేను రోజులు ఆగి, నెల మధ్యలో స్కానింగ్ చేసిన డాక్టరు చెప్పిన రోజున మాత్రమే కలిసేవారు. ఇది ఇక్కడ చాలామందిలో ఉన్న నమ్మకం. తయారైన కణాలు ఎపిడిడైమిస్‌లో (వృషణాన్ని అంటుకుని ఉండే గొట్టం) ఎన్ని రోజులు ఎదురు చూస్తే అన్ని రోజులు ఆక్సిడెంట్ల (కణాలని కొరికే చురుకైన ఆక్సిజన్ రూపాల) తాకిడికి గురవుతూనే ఉంటాయి. సంఖ్య పెరుగుతుంది, సరుకు నాణ్యత పడిపోతుంది.

ఇక అతను తెచ్చిన పాలిథిన్ సంచి. ముగ్గురు డాక్టర్లు వేర్వేరుగా రాసిన మూడు కంపెనీల "వీర్యపుష్టి" మాత్రలు, మూడూ రోజూ వేసుకుంటున్నాడు. అట్ట వెనకాల చిన్న అక్షరాలు చదివితే మూడింట్లోనూ అవే యాంటీఆక్సిడెంట్లు (ఆక్సిడెంట్లని అణిచే సరుకులు): కోఎంజైమ్ క్యూ10, ఎల్-కార్నిటిన్, లైకోపీన్, జింకు, సెలీనియం, విటమిన్-ఇ, విటమిన్-సి. నెలకి మూడు వేలు దాటుతున్న ఖర్చు. కూడితే జింకు రోజుకి 40 మిల్లీగ్రాముల పై హద్దు దాటింది.

పరీక్షలో కనబడినవి

మనిషిని పడుకోబెట్టి చూస్తే దొరకని జబ్బు వేరికోసీల్, అంటే వృషణాల సిరలు ఉబ్బడం. గది వెచ్చగా ఉండాలి, నిలబెట్టి చూడాలి, ఊపిరి బిగబట్టి ముక్కమనాలి. అలా చూస్తే ఎడమ వైపు సిరల ఉబ్బు చేతికి స్పష్టంగా తగిలింది, రెండో గ్రేడు. ఎడమ వృషణం 13 మి.లీ., కుడిది 17. రక్తం పారే తీరు చూపే డాప్లర్ స్కాన్‌లో సిర వెడల్పు 3.4 మి.మీ., ముక్కినప్పుడు రక్తం వెనక్కి రావడం కూడా కనబడింది. ఎఫ్ఎస్‌హెచ్, టెస్టోస్టెరాన్ హార్మోన్లు మామూలుగానే ఉన్నాయి. ఎడమ వృషణ సిర ఎడమ మూత్రపిండ సిరలోకి దాదాపు నిట్టనిలువుగా వెళ్ళి కలుస్తుంది. కవాటాలు బలహీనమైతే రక్తం కింద నిలిచిపోతుంది. అందుకే ఈ జబ్బు ఎక్కువగా ఎడమ వైపే. మామూలు మగవాళ్ళలో నూటికి 15 మందికి ఉంటుంది. పిల్లలు కలగక వచ్చేవాళ్ళలో 35 నుంచి 40 మందికి. అంటే ఉన్న ప్రతివాడికీ అది కారణం కాదన్న మాట, ఇది మరిచిపోకూడదు.

వీర్య పరీక్ష మళ్ళీ చేయించాను, ఈసారి రెండు రోజుల విరామంతో, నమూనా క్లినిక్‌లోనే ఇచ్చేలా. గుణుపురం నుంచి బస్సులో డబ్బా పట్టుకొస్తే గంటలోపు చూడాలన్న నియమం గాలికి పోతుంది. అంకెలు పాత కాగితానికి దగ్గరగానే వచ్చాయి. తెల్లకణాలు మి.లీ.కి ఒక మిలియన్ లోపే, కాబట్టి ఇన్ఫెక్షన్ వాదన నిలబడలేదు. కానీ అదే నమూనాని టెక్నీషియన్ చేత రెండు గంటల తర్వాత మళ్ళీ స్లైడు పెట్టించాను. తేడా కళ్ళకి కట్టింది. మొదట చకచకా ముందుకి సాగినవి సగానికి సగం ఉన్న చోటే తోక ఆడిస్తూ ఉండిపోయాయి. మామూలుగానూ కొంత మందగిస్తాయి, ఇంతగా కాదు. ఇది ప్రమాణాల్లో ఉన్న పరీక్షేమీ కాదు, నా అలవాటు మాత్రమే. డీఎన్ఏ పరీక్షకి ఖర్చు పెట్టమని అడిగే ముందు నాకు నేను చెప్పుకునే సాక్ష్యం.

ఆ పరీక్షకి విశాఖపట్నం వెళ్ళారు. అక్కడ చేసింది హాలో పద్ధతి. కణాలని పలచటి అగరోజ్ జెల్‌లో పరిచి, ముందు ఆమ్లంతోనూ, తర్వాత ప్రొటీన్లని తొలగించే ద్రావణంతోనూ తడుపుతారు. డీఎన్ఏ చెక్కుచెదరకుండా ఉన్న కణం తల చుట్టూ పెద్ద కాంతివలయం విచ్చుకుంటుంది. ముక్కలైన దానికి వలయం చిన్నది, లేదా ఉండదు. కొన్ని వందల కణాలు లెక్కపెట్టి, డీఎన్ఏ ముక్కలైనవి ఎంత శాతమో చెబుతారు. దీన్నే డీఎఫ్ఐ అంటాం. 15 లోపు నిశ్చింత, 30 దాటితే ఎక్కువ అని స్థూలంగా వాడుక. ఇతనిది 38.

ఆక్సిడెంట్లని నేరుగా కొలిచే పరీక్షలున్నాయి. నమూనా తాజాగా గంటలోపు యంత్రం దగ్గర ఉండాలి. మా జిల్లాలో అది కుదిరే పని కాదు. చుట్టుపక్కల ఆధారాలన్నీ ఒకే వైపు చూపుతున్నప్పుడు ఆ పరీక్ష లేదని చికిత్స ఆపక్కర్లేదు కూడా.

లోపల జరుగుతున్నది

శుక్రకణం తలకీ తోకకీ మధ్య మిడ్‌పీస్ అనే భాగం ఉంటుంది. దాని చుట్టూ సుమారు 50 నుంచి 75 మైటోకాండ్రియాలు (శక్తి తయారు చేసే భాగాలు) మెలి తిరిగి చుట్టుకుని ఉంటాయి. తోక ఆడటానికి కావలసిన ఇంధనం ఏటీపీలో ఒక వంతు అక్కడ తయారవుతుంది. తోక పొడవునా చక్కెరని విడగొట్టి తయారు చేసుకునేది ఇంకో వంతు. మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు ఒక ప్రొటీన్ సముదాయం నుంచి ఇంకో దానికి చేతులు మారుతూ ఆఖరికి ఆక్సిజన్‌ని నీరుగా మార్చాలి. దారిలో, ముఖ్యంగా ఒకటో, మూడో సముదాయాల (కాంప్లెక్సుల) దగ్గర, కొన్ని జారి నేరుగా ఆక్సిజన్‌కి అంటుకుంటాయి. అలా పుట్టేది సూపరాక్సైడ్. దాన్ని ఎస్ఓడీ అనే ఎంజైము హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. దాన్ని కేటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ నీరుగా మార్చి పారేస్తాయి. మధ్యలో ఇనుము తగిలితే మాత్రం పెరాక్సైడ్ నుంచి హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. అది దొరికిన దాన్నల్లా కొరుకుతుంది.

మిగతా కణాలు ఈ తాకిడిని తట్టుకుంటాయి. శుక్రకణానికి ఆ వసతి లేదు. తయారయ్యే చివరి దశలో సైటోప్లాజమ్ (కణం లోపలి ద్రవం) దాదాపు అంతా వదిలేస్తుంది. రక్షణ ఎంజైములు ఉండేది అందులోనే. దాని పొరలో డీహెచ్ఏ లాంటి బహుళ అసంతృప్త కొవ్వులు ఎక్కువ. పొర మెత్తగా ఉంటేనే కదలగలదు, అండంతో కలవగలదు. కానీ రాడికల్స్ మొదట పట్టుకునేది ఆ కొవ్వుల్నే. విరిగిన కొవ్వు తునకల్లో 4-హైడ్రాక్సీనానెనాల్ అనేది మరీ చెడ్డది. అది వెనక్కి వచ్చి మైటోకాండ్రియాలోని సక్సినేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైముకే అతుక్కుంటుంది. దాంతో ఎలక్ట్రాన్ల జారుడు పెరుగుతుంది, మరిన్ని రాడికల్స్, మరిన్ని తునకలు. ఒకసారి మొదలైతే బయటి కారణం, గుడాకో, వేడో, సిరల ఉబ్బో, చిన్నదే అయినా లోపల నష్టం పెరుగుతూ పోవడానికి ఇదే మూలం. 1943లోనే శాస్త్రవేత్త జాన్ మెక్‌లియోడ్ ఆక్సిజన్ ఎక్కువగా ఉన్నచోట మనిషి శుక్రకణాలు కదలిక కోల్పోతాయనీ, కేటలేజ్ కలిపితే అది నిలుస్తుందనీ చూపించాడు. పెరాక్సైడే దోషి అని అప్పుడే తేలింది.

ముందు దెబ్బతినేది కదలిక. ఆ తర్వాత డీఎన్ఏ. శుక్రకణంలో డీఎన్ఏ ప్రోటమిన్లనే ప్రొటీన్లతో బిగించి కట్టి ఉంటుంది. కట్టు సరిగా కుదరని చోట రాడికల్స్ డీఎన్ఏ అక్షరాల్లో ఒకటైన గ్వానీన్‌ని ఆక్సీకరిస్తాయి. ఆ చెడిన అక్షరాన్ని కోసి తీసే ఓజీజీ1 అనే ఎంజైము శుక్రకణంలో ఉంది. తర్వాతి మెట్టు మరమ్మతు చేసే ఎంజైము మాత్రం లేదు. అంటే గాయం కోసి వదిలేసి, కుట్టు వేసే పని అండానికి అప్పగిస్తుంది. ఆడమనిషి వయసు తక్కువై నష్టం కొద్దిగా ఉంటే అండం కుట్టేస్తుంది. నష్టం మోతాదు మించితే పిండం మొదట్లో బాగానే విభజన చెందుతుంది. నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో పిండం సొంత జన్యువులు పనిలోకి దిగాక తండ్రి వైపు లోపం బయటపడటం మొదలవుతుంది. కొన్ని అక్కడే ఆగుతాయి, కొన్ని కొన్ని వారాలు సాగి పోతాయి.

ఇలా పోయే కడుపులన్నీ ఈ లెక్కలోవే అనుకోవద్దు. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో సుమారు సగానికి పిండం క్రోమోజోముల తేడాయే కారణం, అది ఎక్కువగా అండం వైపు నుంచి వచ్చేది. ఇతని భార్య రెండు గర్భాల్లోనూ పోయిన కణజాలాన్ని ఎవరూ పరీక్షకి పంపలేదు. కాబట్టి ఆ రెండూ డీఎఫ్ఐ వల్లే పోయాయని నేను సంతకం పెట్టి చెప్పలేను.

ఇదంతా అతనికి చెప్పాలి కదా. "మీ బర్నరు మంట నీలంగా ఉంటే బాణలి అడుగు శుభ్రంగా ఉంటుంది. మంట ఎర్రబడితే గ్యాసు అంతే కాలుతుంది, వేడి చాలదు, అడుగున మసి పడుతుంది. మీ కణాల్లో మంట ఎర్రబడింది" అన్నాను. వెంటనే అడిగాడు: "అయితే మసి తుడవాలా అండీ, బర్నరుకి గాలాడేలా సెయ్యాలా?" ఇంత సూటి ప్రశ్న నాకు వైద్య సదస్సుల్లో కూడా తక్కువే ఎదురైంది. మీ సంచిలో ఉన్న మాత్రలన్నీ మసి తుడిచేవే, మనం గాలికి అడ్డేమిటో చూద్దాం అన్నాను.

అతని తల్లికి ఇంకో బెంగ. ఈ మైటోకాండ్రియా ఏదో చెడిపోతే పుట్టే పిల్లకీ వస్తాదేటి అని. రాదు. తండ్రి మైటోకాండ్రియాలు అండంలోకి వెళ్ళినా వాటిని అండమే గుర్తుపట్టి తొలగించేస్తుంది. బిడ్డకి వచ్చేవి తల్లివే. ఆవిడ కోడలి వైపు చూసిన చూపులో ఆ రోజు మొదటిసారి నిందకి బదులు మరేదో కనబడింది, అది నా ఊహ కూడా కావచ్చు.

చేసిన వైద్యం

మూడు రకాల మాత్రల్లో రెండు ఆపించాను. మిగిలిన ఒక్కటి మూడు నెలలకి. అది కూడా గట్టి నమ్మకంతో కాదు. 2020లో వచ్చిన మాక్సీ అనే అధ్యయనంలో యాంటీఆక్సిడెంట్ల కలయిక ఇచ్చినా వీర్యం అంకెలు గానీ, డీఎన్ఏ గానీ మెరుగుపడలేదు. అదే ఏడాది 2,370 జంటలతో వచ్చిన ఇంకో పెద్ద అధ్యయనంలో ఫోలిక్ ఆమ్లం, జింకు వాడిన మగవాళ్ళ భార్యలకి కాన్పులు పెరగలేదు, పైగా డీఎన్ఏ ముక్కలవడం కొంచెం ఎక్కువైంది. మితిమీరిన యాంటీఆక్సిడెంట్లు ఎదురు తిరగడంలో వింతేమీ లేదు. శుక్రకణం అండాన్ని చేరేముందు సిద్ధపడటానికీ, దాని పొరని ఛేదించడానికీ కొద్దిపాటి ఆక్సిడెంట్లు అవసరం. వాటిని పూర్తిగా తుడిచేస్తే ఆ పనీ ఆగుతుంది. మా వైపు ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మలేరియా ఉన్న ప్రాంతాల్లో ఎర్రకణాలని కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపం కనబడుతూ ఉంటుంది. ఆ లోపం ఉన్నవాళ్ళకి విటమిన్-సి పెద్ద మోతాదులో ఇస్తే ఎర్రకణాలు పగిలే ప్రమాదం ఉంది. అందుకని ముందు ఆ పరీక్ష చేయించాను. ఇతనికి లోపం లేదు.

గుడాకు మానడం అన్నిటికన్నా కష్టమైంది. తల్లి కూడా మానితేనే తనూ మానతానన్నాడు. ఇంట్లో డబ్బా కనబడుతూంటే చెయ్యి ఊరుకోదట. ఆవిడ ఒప్పుకుంది. పూర్తిగా మానలేదని నాకు తెలుసు, డబ్బా మాత్రం కొడుకు కంటికి కనబడని చోటికి మారింది. నికోటిన్ చూయింగ్ గమ్ కొన్ని వారాలు వాడాడు.

పొయ్యి దగ్గర పని తమ్ముడికీ, జీతానికి పెట్టుకున్న మనిషికీ మార్చారు. ఇతను పాకం కొలతలు, లడ్డు చుట్టడం, ప్యాకింగు చూసుకున్నాడు. తప్పనిసరై మంట దగ్గర నిలబడితే బర్నరుకీ ఒంటికీ మధ్య ఒక రేకు అడ్డం, దానికీ బర్నరుకీ జానెడు ఖాళీ. బిగుతు జీన్సు బదులు లుంగీ. రెండు మూడు రోజులకోసారి కలవమన్నాను, మొదటి మూడు నెలలు కండోమ్‌తో. కారణం లెక్కే: వృషణంలో ఒక శుక్రకణం తయారవడానికి సుమారు 74 రోజులు, ఆపై ఎపిడిడైమిస్‌లో ప్రయాణం మరికొన్ని రోజులు. ఈ రోజు బయటికి వచ్చే కణం మూడు నెలల కిందటి గుడాకునీ, మంటనీ చూసినదే.

ఆపరేషన్ గురించి అప్పుడే చెప్పాను గానీ తొందర పెట్టలేదు. ఆవిడకి 29 కాబట్టి ఆగగలిగాం. 37 అయ్యుంటే ఈ వరస ఉండేది కాదు.

ఆ తర్వాత

సెప్టెంబరులో మొదలుపెట్టాం. నవంబరు ఆఖర్లో అతనికి చలిజ్వరం. రక్త పరీక్షలో ఫాల్సిపారమ్ మలేరియా. నాలుగు రోజులు 103 దాటిన జ్వరం, ఏసీటీ (ఆర్టెమిసినిన్ కలిసిన మలేరియా మందులు) కోర్సుతో తగ్గింది. డిసెంబరులో ముందే అనుకున్న తేదీకి విశాఖపట్నం వెళ్ళి పరీక్ష చేయించుకొచ్చేశారు, నాకు ఫోను చెయ్యకుండా. ముందుకు సాగే కదలిక 22 శాతం. డీఎఫ్ఐ 42. మూడు నెలలు గుడాకు మాని, పొయ్యి వదిలి, వచ్చిన ఫలితం ఇదా అని ఇంట్లో గోలయింది. ఇక ఐవీఎఫ్ తప్పదని ఎవరో చెప్పారట, అప్పుకి మాట్లాడుకున్నారు కూడా.

ఒక్క గట్టి జ్వరం రెండు మూడు నెలల పాటు వీర్యాన్ని దెబ్బతీస్తుంది. జ్వరం తగ్గిన పక్షం రోజులకి తీసిన నమూనాని ఏ లెక్కలోనూ వెయ్యకూడదు. అప్పు ఆపమని, మార్చిలో మళ్ళీ చూద్దామని చెప్పాను. మార్చిలో ముందుకు సాగే కదలిక 34 శాతం, డీఎఫ్ఐ 29. మొదటి 38తో పోలిస్తే తగ్గింది, గుడాకూ వేడీ పోయినందుకే అనుకున్నాను. కానీ గీత దగ్గరే ఆగింది. ఎడమ వృషణం చిన్నదిగానే ఉంది. చేతికి తగిలే వేరికోసీల్, ఎక్కువ డీఎఫ్ఐ, కారణం తెలియని గర్భస్రావాలు, ఈ మూడూ కలిసినప్పుడు ఆపరేషన్‌కి యూరోపియన్ యూరాలజీ సంఘం మార్గదర్శకాల్లో కూడా చోటుంది. డాప్లర్‌లో మాత్రమే కనబడి చేతికి తగలనిదై ఉంటే కత్తి మాట ఎత్తేవాణ్ణి కాదు.

పెళ్ళిళ్ళ ఆర్డర్లున్నాయి, ఇప్పుడు కాదన్నాడు. ఏప్రిల్, మే నెలల్లో రేకు అడ్డం పెట్టుకునే కొన్ని రోజులు మంట ముందు నిలబడ్డాడని తర్వాత చెప్పాడు. ఆషాఢం వచ్చింది, ముహూర్తాలు లేవు, కొట్టులో పని పలచబడింది. అప్పుడు విశాఖపట్నంలో మైక్రోస్కోప్ కింద సిరలు కట్టే ఆపరేషన్ జరిగింది. ధమని, లింఫు నాళాలు వేరు చేసి వదిలెయ్యడానికి మైక్రోస్కోప్ కావాలి. లేకుండా చేస్తే నీరు పట్టడం, మళ్ళీ ఉబ్బడం ఎక్కువ. మర్నాడు ఇంటికి పంపారు. బరువులెత్తవద్దన్న మాట మూడు వారాలు పాటించాడు, పంచదార బస్తాలు తమ్ముడే మోశాడు.

డిసెంబరులో మళ్ళీ పరీక్ష. ముందుకు సాగే కదలిక 45 శాతం, డీఎఫ్ఐ 17. సంఖ్య మాత్రం పెద్దగా మారలేదు, 31 మిలియన్లు కాస్తా 36 అయ్యాయి. పాత కాగితం మీద ముద్ర వేసినవాళ్ళు ఈ కాగితం మీదా అదే ముద్ర వేస్తారు. ఫిబ్రవరిలో నెల తప్పింది. తొమ్మిదో వారం దాటేదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదట, ఆ విషయం మాత్రం అత్తాకోడళ్ళిద్దరూ కలిసే దాచారు. నవంబరు మొదట్లో పాప పుట్టింది, 2.8 కిలోలు, మామూలు కాన్పు.

దేని వల్ల నిలిచింది అని తోటి వైద్యులు అడుగుతారు. తేల్చి చెప్పడానికి లేదు. గుడాకు మానాడు, మంట తగ్గింది, ఆపరేషన్ అయ్యింది, తరచు కలిశారు, మొదటి పన్నెండు వారాలు ఆవిడకి ప్రొజెస్టిరాన్ కూడా ఇచ్చారు. రెండుసార్లు పోయిన జంటల్లో చాలామందికి ఏ వైద్యం లేకుండానే మూడోది నిలుస్తుంది. డీఎఫ్ఐ 38 నుంచి 29కి, 29 నుంచి 17కి దిగడం మాత్రం కారణాలు తీసేసిన తర్వాత జరిగింది. అంతకుముందు ఏడాది పాటు మూడు రకాల మాత్రలు మింగుతున్నా 38 దగ్గరే ఉన్నాడు. ఒక్క కేసుతో ఏదీ రుజువు కాదు గానీ, రాడికల్స్ పుట్టే చోటు వదిలేసి యాంటీఆక్సిడెంట్లు రాసే పద్ధతి మీద నాకున్న అనుమానాన్ని ఈ కేసు బలపరిచింది.

పిల్లలు లేరని వచ్చిన ప్రతి మగవాడికీ నేను డీఎఫ్ఐ రాయను. అమెరికన్ యూరాలజీ, పునరుత్పత్తి వైద్య సంఘాలు 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా మొదటి పరీక్షల్లో అది వద్దనే అంటాయి, మళ్ళీమళ్ళీ గర్భం పోతున్నప్పుడు చూడమంటాయి. ఖర్చు పోగా విశాఖ దాకా రైల్లో పోయి రావాలి, రెండు రోజుల కూలి పోతుంది. మామూలు వీర్య పరీక్ష, నిలబెట్టి చేసే పరీక్ష, దేంతో పళ్ళు తోముకుంటారన్న ప్రశ్న, ఈ మూడూ రాయగడలోనే అవుతాయి. ఇప్పుడు రెండుసార్లు కడుపు పోయిన జంట ఎవరొచ్చినా భార్య ఫైలు తెరిచే ముందు భర్తని లోపలికి పిలుస్తున్నాను. ఈ జంట రెండో బిడ్డ గురించి రెండేళ్ళాగి ఆలోచిస్తామన్నారు. అనుకున్న సమయానికి నాలుగు నెలల ముందు నమూనా ఇచ్చి వెళ్ళమని చెప్పాను, అది పెళ్ళిళ్ళ సీజన్ అయిపోయిన మూడు నెలలకి పడేలా చూసుకోమన్నాను.